ఎవరింటి పురుగు

"మా ఇంట్లో ఆ జబ్బు లేదు. ఉన్నదాన్ని పుట్టింటికి పంపేశాం" అంది లాండ్రీ పెద్దావిడ, మడత పెడుతున్న దుప్పటి మీంచి తలెత్తకుండానే.

బట్టల కోసం కొట్టు ముందు నిలబడ్డవాళ్ళంతా ఆ మాట విన్నారు. మాత్రలమ్మ కూడా వింది. బోదకాలు మాత్రలు పంచుతుంది కాబట్టి జనం ఆమెకు పెట్టిన పేరది. పెద్దావిడ పంపేసిన కోడలు ఆమెకు తోడబుట్టిన చెల్లెలు. ఈ వీధి తన వాటాకు రాకపోతే, ఎవరి వాటాకు వచ్చిందో ఆ మనిషిని బతిమాలి మరీ మార్చుకుని వచ్చింది.

ఇంటి దగ్గర చెల్లెలు వాచిన కాలిని చీర కుచ్చెళ్ళలో దాచుకుని గుమ్మంలో కూర్చుంటుంది. వీధిలో స్కూటర్ చప్పుడైతే చాలు, మొగుడేమోనని మెడ తిప్పి చూస్తుంది. ఆ మెడ తిరిగినప్పుడల్లా మాత్రలమ్మకు పెద్దావిడ అన్న మాటే గుర్తొస్తుంది. మీ పుట్టింటి రక్తంలోనే పురుగుందని ఏ నోరైతే అందో, ఆ నోట్లోనే ఈ మాత్రలు పడాలి. తల్లీకొడుకుల్లో ఒక్కరికి జ్వరం తగిలినా చాలు, జబ్బు ఏ ఇంటిదో వీధికంతా తెలుస్తుంది.

ఆమె సంచీ బల్ల మీద పెట్టి, కొట్టు ముందున్నవాళ్ళకు వినబడేలా మొదలుపెట్టింది. కాలు వాచినవాళ్ళకే జబ్బనుకోవద్దంది. కాళ్ళు నున్నగా ఉన్నవాళ్ళ ఒంట్లోనూ పురుగులు హాయిగా పిల్లల్ని పెడుతుంటాయనీ, దోమ వాటిని పక్కవాళ్ళకు మోస్తుందనీ చెప్పింది.

"ఆ పురుగు ఒంటరిది కాదు. దాని లోపల కంటికి కనబడని బాక్టీరియా కాపురముంటుంది. అది లేనిదే పురుగు బతకదు, పురుగు లేనిదే అది బతకదు. మనుషుల్లా కాదు, కష్టమొస్తే ఒకదాన్నొకటి గెంటుకోవు."

పెద్దావిడ కొడుకు, అంటే మాత్రలమ్మ మరిది, చొక్కా మీద ఇస్త్రీపెట్టె ఆనించి తియ్యడం మరిచిపోయాడు. కమురు వాసన వచ్చాక గబుక్కున తీశాడు.

"మందు పడితే పురుగు పిల్లలు చస్తాయి. వాటి లోపలి కాపురం కాస్తా రక్తంలోకి చెల్లాచెదురవుతుంది. అందుకే సాయంత్రానికి చలి, జ్వరం. ఒకట్రెండు రోజుల్లో అదే పోతుంది, భయం లేదు. పురుగే లేనివాళ్ళకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎవరిది ఏ రక్తమో ఒళ్ళే చెబుతుంది."

కొట్టు ముందు ఒకాయన, మీ రక్తం పాలలాంటిదని నువ్వే అంటావు కదా, ఇంక భయమెందుకని పెద్దావిడను అడిగాడు. మిగతావాళ్ళు నవ్వు ఆపుకున్నారు.

పెద్దావిడకు రోషం పొడుచుకొచ్చింది. మాత్రలమ్మ వైపు తిరిగింది. "అయితే ముందు నువ్వు మింగు. ఊరందరికీ వడ్డించే మందు నీ గొంతులో దిగుతుందో లేదో చూద్దాం."

మాత్రలమ్మ కాస్త తటపటాయించింది. ఏటా అందరి చేతా మింగించేది గాని, తన వంతు మాత్రలు డబ్బాలోనే ఉండిపోయేవి. ఏ జబ్బూ లేని తనకు మందేమిటనుకునేది. ఇవాళ మాత్రం అన్ని కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. మాత్రలు నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నాలుక కూడా బయటపెట్టి చూపించింది.

ఇక వాళ్ళకు తప్పించుకునే దారి లేకపోయింది. కొడుకు మారు మాట లేకుండా మింగాడు. తనకేమైనా అయితే ఉసురు తగులుతుందని శాపనార్థం పెట్టి పెద్దావిడా మింగింది. సాయంత్రం వచ్చి ఒళ్ళు చూసిపోవడం తన డ్యూటీ అంది మాత్రలమ్మ. అలాంటి డ్యూటీ ఏదీ లేదు. ఆఫీసులు వదిలే వేళకు కొట్టు ముందు జనం ఎక్కువగా ఉంటారని మాత్రం ఆమెకు తెలుసు.

మిగిలిన ఇళ్ళు తిరుగుతున్నంతసేపూ ఆమెకు అదే ధ్యాస. పెద్దావిడ దుప్పట్ల మూటల మధ్య ముడుచుకుని పళ్ళు టకటకలాడిస్తున్నప్పుడు అందరి ముందూ అనాల్సిన మాట ఒకటి సిద్ధం చేసుకుంది. ‘మరి ఇప్పుడు నిన్ను ఏ పుట్టింటికి పంపమంటావు?’ ఆ మాటను గడపగడపకూ నూరి పదును పెట్టుకుంది.

సాయంత్రం వెళ్ళేసరికి మరిది ఎప్పటిలాగే ఇస్త్రీ చేస్తున్నాడు. ముఖాన చెమట తప్ప ఏమీ లేదు. ఆమెను చూసి గొంతు తగ్గించి, "కాలెలా ఉంది వదినా తనకి?" అన్నాడు. ఆమె అతని ముఖాన్నే పరీక్షగా చూసింది. వీడికి లేదన్నమాట. పోనీ, ముసలిదానికి ఉంటే చాలు.

పెద్దావిడ గోడకు చేరగిలబడి కూర్చుంది. పొద్దున్నలా నోరు చేసుకోవడం లేదు. ఫ్యాను గాలి వణుకు పుట్టించేంత చల్లగా ఉంది. జనాన్ని తప్పించుకుని ముందుకెళ్ళి, మాటను నాలుక చివర పెట్టుకుని, పెద్దావిడ నుదుటి మీద అరచెయ్యి వేసింది.

నీళ్ళకుండను ముట్టుకున్నట్టుంది. నమ్మలేక మెడ కింద చూసింది. అక్కడా అంతే చల్లన.

పెద్దావిడ ఆ చేతిని ఒడిసి పట్టుకుని, కొట్టు ముందున్నవాళ్ళందరికీ వినబడేలా అంది.

"నా ఒళ్ళు చల్లగా లేదమ్మా, నీ చెయ్యే నిప్పులా కాలిపోతోంది."