ఆరింటి భోజనం

“ఆరైంది. కంచం ముందు కూర్చుంటారా, నన్నే వచ్చి లాక్కురమ్మంటారా?”

భార్య కేకకి వడ్రంగి చేతులకంటిన రంపప్పొట్టు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. బయట ఇంకా ఎండ ఉంది. ఎదురింటివాళ్ళు అప్పుడే టీ తాగుతున్నారు.

ఆ ఇంట్లోకి జబ్బు వచ్చి ఏడాదైంది. డాక్టరు చీటీ మీద సిస్టమిక్ స్క్లెరోసిస్ అని రాశారు. చర్మం బిగుసుకుపోయే జబ్బు. చర్మంతో ఆగినా బాగుండేది. లోపల అన్ననాళాన్ని కూడా పట్టుకుంది. ఆ తర్వాత తీసిన ఫోటోలో ఊపిరితిత్తుల అడుగున సన్నటి మచ్చలు కనిపించాయి. అవి పెరిగితే ఊపిరికే ముప్పని, ఆరు నెలలు చూసి మళ్ళీ ఫోటో తీద్దామని డాక్టరు చెప్పాడు.

ఈలోగా మందులతో పాటు పాటించవలసినవి మూడు. ఆరింటికల్లా భోజనం. తిన్నాక మూడు గంటలు నడుం వాల్చకూడదు. మంచం తలవైపు జానెడు ఎత్తుండాలి.

మూడింటినీ భార్య తన చేతిలోకి తీసుకుంది. జైలు అధికారికైనా కాస్త జాలి ఉంటుందేమో.

వడ్రంగి టేకుముక్కలు రెండు కోసి తలవైపు మంచంకోళ్ళ కింద పెట్టాడు. మొదటి వారం ఇద్దరూ తెల్లారేసరికి కాళ్ళవైపు జారి ఉండేవారు.

రాత్రి తొమ్మిదిదాకా పనిచేసే మనిషి ఐదింటికే సంచీ సర్దుతుంటే కొట్లో తోటివాళ్ళు ఊరుకోలేదు. “ఏం మేస్త్రీ, బడి వదిలేశారా?” అనేవారు. నవ్వేసి వచ్చేసేవాడు.

ఒకసారి వడ్రంగి అక్క చూడటానికి వచ్చింది.

“మా తమ్ముడు దుంగలా ఉన్నాడు. వీడికి జబ్బేంటే? పొద్దుండగానే ఇంత పెట్టి, రాత్రంతా కడుపు మాడుస్తున్నావు.”

“పైకి కనబడదు వదినా. పొట్టలో పులుపు పైకి ఎగదన్నుతుంది. పడుకుంటే చుక్క చుక్కా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మచ్చలు దానివల్లే పెరుగుతాయేమోనని అనుమానమట. డాక్టరుగారు చెబుతుంటే నా చెవులతో విన్నాను.”

“ఏరా, నిజమేనా?”

వడ్రంగి పైకప్పుకేసి చూశాడు. “ఆవిడ చెప్పాక ఇంక నేను చెప్పేదేముంది అక్కా.”

అతను కంచం ముందునుంచి లేవగానే భార్య తనూ నాలుగు ముద్దలు గబగబా తినేసింది. గడియారం చూసి, మంచం మీది దిండ్లు అలమారలో పెట్టి, రెండు చేతులతో తాళం తిప్పింది. ఇక తొమ్మిదిదాకా ఆ ఇంట్లో ఎవరూ నడుం వాల్చే వీల్లేదు. పాపం అక్క కూడా గోడకి ఆనుకుని కూర్చుంది.

ఇంకోరోజు అతని చొక్కా జేబులో నూనె కాగితం దొరికింది.

“వేపుళ్ళు వద్దన్నారు కదా. ఎప్పుడు తిన్నారు?”

“నాలుగింటికి. ఆకలేసింది.”

“మీ ఊపిరితిత్తులంటే మీకు లెక్కలేకపోవచ్చు. నాకుంది.”

ఏడ్చింది. ఏడుస్తూ దగ్గింది. దగ్గుతూనే తిట్టింది. వడ్రంగి ఆ దగ్గు ఆగేదాకా నిలబడి, మళ్ళీ ముట్టనని ఒట్టేశాడు.

ఆ మధ్య అతనికి భక్తి కూడా ఎక్కువైంది. సాయంత్రం దీపం పెట్టగానే దేవుడి ముందు చాలాసేపు నిలబడేవాడు. భర్త ఆయుష్షు కోసం తను మొక్కుకుంటుంటే, ఆయనేమో తప్పు క్షమించమన్నట్టు పెదాలు కదపడం ఆమెకు వింతగా ఉండేది. ప్రాణభయమేమో అనుకుంది. మనిషికి భక్తి భయంతో పెరుగుతుందా, తప్పుతో పెరుగుతుందా? ఆ పైవాడు చెబితే బాగుండును.

ఆరు నెలలు నిండాయి. ఫోటో తీశారు. ఫలితం వినే ధైర్యం భార్యకు లేకపోయింది. “మీరే విని రండి” అని బయట బల్ల మీద కళ్ళు మూసుకుని కూర్చుంది.

లోపల డాక్టరు పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. వడ్రంగి ఆ రెండింటికేసీ మార్చి మార్చి చూశాడు.

“మచ్చలు పెరగలేదు.”

వడ్రంగి కుర్చీలో వెనక్కి వాలాడు.

“మందులకు తోడు ఆ మూడు నియమాలూ పనికొచ్చినట్టున్నాయి” అన్నాడు డాక్టరు. “అప్పుడు నేను చెబితే, ఆరింటికి ఎవరైనా తింటారా అని నవ్వి కొట్టిపారేశారు. మరి ఇప్పుడెలా కుదిరింది?”

వడ్రంగి వెనక్కి తిరిగి తలుపు సరిగ్గా మూసి ఉందో లేదో చూసుకున్నాడు. గొంతు తగ్గించాడు.

“నేను తినందే మా ఆవిడ ముద్ద ముట్టదండీ, అందుకని తనకున్న జబ్బే నాకూ వచ్చిందని చెప్పాను.”