పిట్టగోడతో మాట్లాడే మనిషి

ఎదురు హాస్టల్ డాబా మీద ఒక మనిషి పిట్టగోడకు ఏదో నచ్చజెబుతున్నాడు.

బాల్కనీలో దుప్పటి ఆరేస్తున్న అరుణాదేవి ఆగిపోయింది.

అమీర్‌పేట మొత్తం లుంగీల్లో, నైటీల్లో ఉంటే, ఆ మనిషి చొక్కా టక్ చేసి, బూట్లు కూడా వేసుకున్నాడు. నల్లటి నీళ్ల ట్యాంకు మీద సుద్దముక్కతో ఏవో గీతలు గీశాడు. ఇటు తిరిగి, పిట్టగోడ మీదికి వంగి నవ్వాడు.

“ఏమండీ, ఓసారి ఇటు రండి.”

రఘురామ్ లుంగీ సర్దుకుంటూ వచ్చి చూశాడు.

“ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి బస్సు దొరికుండదు పాపం. అది సరే, ఇవాళ ఏ వారం?”

“నన్నడుగుతారేంటి?”

లాక్‌డౌన్ మొదలయ్యాక ఆ ఇంట్లో వారాలన్నీ కలిసిపోయాయి. మధ్యాహ్నానికి టిఫిను, సాయంత్రానికి భోజనం. వేళంటూ లేని ఇల్లు అరుణాదేవికి ఊపిరాడనివ్వడం లేదు.

అంతకన్నా దిగులు కూతురి గురించి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో కాలేజీ మూతపడేసరికి ధాత్రి మంచం దిగడం మానేసింది. జడ వేసుకోదు. పిలిస్తే పలకదు.

కొన్నాళ్లకు ఉన్నట్టుండి గాడిన పడింది.

కోచింగ్ సెంటర్లన్నీ మూసేశాక, మోసెస్ సార్ అనే ఆయన బ్యాంకు పరీక్షల లెక్కలు ఫోన్‌లో ఊరికే చెబుతున్నారట. పిల్ల పిలవకుండానే లేచి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెనక గదిలో తలుపేసుకుంటోంది.

“ఫోన్ క్లాసుకి జడెందుకే?”

“మొదట అదే అడుగుతారమ్మా, అందరి స్నానాలూ అయ్యాయా అని. కాలేదంటే, పోయి చేసి రండి, ఆగుతాను అంటారు.”

“ఆ సారెవరో గానీ, చల్లగా ఉండాలి.”

క్లాసుకు ముందే ఇడ్లీ దిగాలని అరుణాదేవి రోజూ తెల్లారగానే పొయ్యి వెలిగించింది. ఇడ్లీ వేళకే దొరుకుతోందని రఘురామ్ గడ్డం గీసుకున్నాడు. ఇల్లు ఇల్లులా అయింది.

ఎదురు డాబాయే కంట్లో నలుసయింది. ఆ మనిషి రోజూ వస్తున్నాడు. రోజూ ఇటే చూసి నవ్వుతున్నాడు. ఒక పొద్దున చప్పట్లు కూడా కొట్టాడు.

“ఆడపిల్ల ఉన్న ఇల్లండీ.”

“పిల్ల వెనక గదిలో ఉందిగా.”

“ఉంటే? చూస్తూ ఊరుకుంటామా?”

బాల్కనీలో నిలబడే, హాస్టల్ ఓనర్ దుర్గేష్‌కి అప్పటికప్పుడే ఫోన్ చేసింది.

“గాయననా మేడమ్? అందరు ఊళ్లకు పోయిండ్రు, ఆయనొక్కడే మిగిలిండు. ట్యాంకు సుత ఖరాబు చేస్తుండా?”

“ఇదిగో, ఇప్పుడు కూడా ఇటే చూస్తున్నాడు!” ఫోన్‌లో మనిషికి కనబడుతుందన్నట్టు వేలు పెట్టి చూపించింది.

“జర లైన్ల ఉండుండ్రి. కిందనే ఉన్న, మీదికొస్తున్న.”

చూస్తుండగానే దుర్గేష్ డాబా మీదికి వచ్చాడు. ఆ మనిషి పిట్టగోడ మీంచి గబుక్కున ఏదో తీసుకుని, తలొంచుకుని దిగిపోయాడు.

సాయంత్రం దుర్గేషే ఫోన్ చేశాడు.

“ఖాళీ చేయించిన మేడమ్. ఫికర్ చేయకుండ్రి.”

“ఖాళీ చేయించారా? డాబా ఎక్కొద్దంటే చాలుగా? ఈ రోజుల్లో ఎక్కడికి వెళతాడు?”

“బ్యాగు భుజానేస్కోని పంజాగుట్ట దిక్కు నడుచుకుంట పోయిండు. మీరే గదా చెప్పిండ్రు!”

అరుణాదేవికి మనసు చివుక్కుమంది. ఒక్క క్షణమే. ఆపైన వెళ్లి రేపటికి మినపప్పు నానబోసింది.

మర్నాడు ధాత్రి జడ వేసుకుని కూర్చుంది. క్లాసు మొదలవలేదు.

ఆ మర్నాడూ అంతే. సార్ ఫోన్ స్విచ్చాఫ్.

ముందు జడ మానేసింది. తర్వాత మంచం దిగడం మానేసింది. రఘురామ్ మళ్లీ ఏ వారమని అడగసాగాడు.

“మీ సారుకి ఒంట్లో బాగాలేదేమోనే. వస్తారులే, లే.”

“చెప్పకుండా మానే మనిషి కాదమ్మా. ఆ రోజు లెక్క మధ్యలోనే అంతా ఊగిపోయి కట్టయింది. ఎవరో రికార్డు చేసి గ్రూపులో పెట్టారు, కావాలంటే చూడు.”

ఫోన్ తల్లి చేతిలో పెట్టి గోడవైపు తిరిగింది ధాత్రి.

అరుణాదేవి కళ్లజోడు పెట్టుకుంది.

బోర్డు నల్లగా ఉంది. అంచులు గుండ్రంగా ఉన్నాయి.

“ఎప్పుడూ మాట్లాడని ధాత్రమ్మ ఇవాళ జవాబు చెప్పింది,” అంటోంది ఒక మెత్తటి గొంతు. “మీరంతా దూరంగా ఉన్నారు కాబట్టి, అందరి తరఫునా నేనే కొడతాను.”

చప్పట్లు వినిపించాయి.

మళ్లీ లెక్క మొదలయింది. సగంలో ఎవరిదో కేక. “ఓ సార్, బంద్ జెయ్! దిగు కిందికి!”

ఫోన్‌ను ఎవరో ఒక్క ఉదుటున తీసినట్టు బొమ్మ ఊగింది. నీళ్ల ట్యాంకు, ఆకాశం, ఆ వెంటనే రెప్పపాటు ఎదురు బాల్కనీ. ఆరేసిన దుప్పటి పక్కన, ఫోను చెవికి ఆనించుకుని, వేలు ఇటే చూపిస్తూ అరుణాదేవి.