కాళ్లొచ్చిన కాగితం

ఇళ్లకు సున్నాలు వేసే ప్రైమస్ మూడోసారి తన కాగితం పారేసుకున్నాడు.

ఆ సంగతి చర్చి వెనక చేపల విందులో బయటపడింది. అందరూ పగలబడి నవ్వారు. కెటూరా ఒక్కతే నవ్వలేదు.

"మొదటిసారి నదిలో పడిందన్నావు. రెండోసారి మేక తినేసిందన్నావు. ఈసారేమయింది?" అని నిలదీసింది.

"కాగితానికి కాళ్లొచ్చాయక్కా," అన్నాడు ప్రైమస్, చేపముల్లు ఏరుకుంటూ. నవ్వితే అతని ముఖం మీది పాత గాటు కూడా నవ్వినట్టుంటుంది.

కెటూరాకు ఒళ్లు మండింది. లూయీవిల్‌లో నల్లమనిషి బానిస కాదని చెప్పేది వాడి నోరు కాదు, కోర్టు ముద్ర ఉన్న ఆ కాగితం. పేరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు అన్నీ అందులో ఉంటాయి. తన కాగితాన్ని ఆమె మైనపుగుడ్డలో చుట్టి, పదకొండేళ్లుగా గౌను లోపలి మడతలో కుట్టుకుని తిరుగుతోంది. కుడి మణికట్టు మీది ఇస్త్రీపెట్టె వాత కూడా అందులో రాసి ఉంది.

"నీలాంటివాళ్ల వల్లే మా అందరి మీదా అనుమానం. అక్కడ నా బిడ్డ ఏమయ్యాడో తెలియక నేను చస్తుంటే, నీకు నవ్వులాటగా ఉంది."

ఆమె ఇస్త్రీలు చేసి, కూడబెట్టిన డబ్బు యజమానికి కట్టి తనను తాను విడిపించుకుంది గాని, కొడుకు ఎఫ్రాయిం ఇంకా పొగాకు వ్యాపారి సొత్తు. దక్షిణాదికి అమ్మేస్తారని తెలిసి, మూడు వారాల కిందట పారిపోయాడు. నది దాటి బానిసత్వం లేని ఒడ్డు చేరాడో, నదిలోనే పోయాడో కబురు లేదు. అంతకు నెల ముందే గోదాం తలుపు తగిలిందంటూ కనుబొమ చీల్చుకుని వస్తే, ఆమే కట్టు కట్టింది.

సోమవారం కానిస్టేబులు ప్రైమస్‌ను పట్టుకున్నాడు.

ఇంకో నకలు రాసేది లేదన్నాడు కోర్టు గుమాస్తా. పేరున్న తెల్లవాళ్లెవరైనా వచ్చి 'ఇతను మాకు తెలుసు' అనాలి. లేకపోతే నెలాఖరుకు బానిసగా వేలం.

కెటూరా ఇస్త్రీ చేసేది జడ్జి గారింట్లో. అక్కడి వంటమనిషి డెల్ఫీ ఆ మాట ఎత్తింది.

"అమ్మగారు నీ మాట కాదనదు. ఒక్క ముక్క చెప్పరాదూ?"

"ఆవిడ దగ్గర నేను అడగగలిగింది ఒక్క ముక్కే. అది ఇప్పుడే వాడేస్తే, రేపు నా బిడ్డను పట్టుకొచ్చినప్పుడు ఎవరి కాళ్లు పట్టుకోను?"

"ప్రైమస్ కూడా ఒక తల్లి కన్నబిడ్డే కదే."

"అయితే ఆ తల్లినే అడగమను."

డెల్ఫీ పొయ్యి వైపు తిరిగింది. ఆమె బతుకూ అంతంతమాత్రమే. క్రిస్మస్‌కు జడ్జి గారి కూతురి పెళ్లికానుకగా ఆమెను మిసిసిపీకి పంపేస్తున్నారు.

నెలాఖరున ప్రైమస్‌కు సంకెళ్లు వేసి రేవుకు నడిపించారు.

"తల దించి నడవరా."

"మెడ పట్టేసింది దొరా. వంగట్లేదు."

బట్టలమూటతో ఎదురొచ్చిన కెటూరాను చూసి అతను ఆగాడు.

"అవతలి నుంచి కబురేమైనా వచ్చిందా అక్కా?"

"నా కొడుకు ఊసు నీకెందుకు? నీ సంగతి చూసుకో."

"రాలేదా. అయితే ఇంకా నడుస్తూనే ఉన్నాడు," అన్నాడు తృప్తిగా.

న్యూ ఆర్లీన్స్ పడవ అతన్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులకు అవతలి గట్టున ఉన్న సిన్సినాటికి వెళ్లొచ్చే స్టీమరులో వంట చేసే గేబ్ ఆమె గుమ్మం తట్టాడు.

"నీ కొడుకు కెనడా చేరాడక్కా. పైన నీళ్లు తగ్గి మా పడవ పన్నెండు రోజులు ఇసుకలో దిగబడిపోయింది. లేకపోతే ఎప్పుడో చెప్పేవాణ్ని."

కెటూరా ఏడుస్తూనే నవ్వింది.

గేబ్ చొక్కాలోంచి ఒక మడత తీశాడు.

"ఇది ప్రైమస్ అన్నకు వెంటనే ఇవ్వమన్నాడు. కాగితం లేకుండా ఎన్నాళ్లు తిరుగుతాడు, పాపం."

కోర్టు ముద్రను ఆమె గుర్తుపట్టింది. చదవమంది.

"పేరు ప్రైమస్. ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. ఎడమ కనుబొమ మీద గాటు."

ఆమె కొడుక్కి కట్టు కట్టిందీ ఆ కనుబొమకే. తగిలింది గోదాం తలుపు కాదు.

"ముందు వెళ్లిన ఇద్దరి కాగితాలూ తిరిగి రానేలేదు," అన్నాడు గేబ్. "అక్కడిప్పుడు ముగ్గురికి ఒకే చోట గాటుందట."

ఆమె జడ్జి గారింటికి పరుగెత్తింది. దాచుకున్న ఆ ఒక్క ముక్కా చెప్పింది.

"అయ్యో, ముందే చెప్పకపోయావా," అంది అమ్మగారు. "ఈపాటికి ఏ రేవులో అమ్మేశారో."

ఆ మాట కెటూరాను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తర్వాత ఆమె ఏడుపు మానేసింది.

నెల తిరిగాక, ఒక ఉదయం కోర్టు గుమాస్తా ముందు నిలబడింది.

"నా కాగితం పోయింది. నకలు కావాలి."

గుమాస్తా ఎగాదిగా చూశాడు.

"పదకొండేళ్లు భద్రంగా దాచుకున్నదానివి. ఎట్లా పోయింది?"

"కాళ్లొచ్చాయి దొరా."

"ప్రైమస్ గాలి నీక్కూడా సోకిందా?"

"సోకింది," అంది కెటూరా, తల దించకుండా.

సరిగ్గా అదే వేళకు రేవులో డెల్ఫీ, మైనపుగుడ్డలోంచి కాగితం తీసి, కుడి మణికట్టు మీద మానీమానని వాత చూపించి, తన పేరు కెటూరా అని చెప్పి సిన్సినాటి పడవెక్కుతోంది.