రోగి ఉంటేనే బుగ్గ

"ఆపు! పక్కకు తియ్యి!" ఈల ఊదుతూ రోడ్డుకు అడ్డం వచ్చాడు ట్రాఫిక్ గార్డు క్రిసాంతో.

అంబులెన్సు ఆగింది. నెత్తిమీద ఎర్రబుగ్గ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. డ్రైవరు ఎలిసియో తల అంతకంటే వేగంగా తిరిగింది.

"కొత్త చట్టం తెలుసుగా తమ్ముడూ? ఇవాళ్టి నుంచే అమలు. లోపల రోగి ఉంటేనే బుగ్గ వెలగాలి. లేకపోతే నీ లైసెన్సు నా జేబులోకి."

తెలియకేం! పట్టణ కౌన్సిలు ఆ చట్టం చేసిందే ఇలాంటి బండ్ల కోసం. ఆ దీవిలో పల్లె అంబులెన్సు ఎక్కనిది లేదు. బియ్యం బస్తాలు, బ్యాండు మేళం, పెళ్ళికూతుళ్ళు, పందెం పుంజులు. అప్పుడప్పుడూ, పాపం, రోగులు కూడా. ఇవాళ స్ట్రెచరు మీద, తెల్లదుప్పటి కింద, నిప్పులమీద ఎర్రగా కాల్చిన పంది, లెచోన్ అంటారు, మొత్తంగా ఉంది. "లెచోన్ పన్నెండు లోపల విందు ఇంటికి చేరాలి. కరకరలాడే తోలు మెత్తబడిందో, తాళాలు నా బల్లమీద పెట్టి ఇంటికి పో" అని మరీ చెప్పి పంపాడు ఊరిపెద్ద కపిటాన్. అప్పటికే పదకొండు దాటింది.

"రోగి ఉన్నాడు బాస్" అన్నాడు ఎలిసియో.

క్రిసాంతో అద్దంలోంచి తొంగిచూశాడు. దుప్పటి కింద ఎత్తుగా పొట్ట కనిపించింది.

"ఏమైంది?"

"కాలింది బాస్. ఒళ్ళంతా."

"అయ్యో! మాట్లాడుతున్నాడా?"

"పొద్దుటి నుంచీ ఒక్క మాట లేదు."

క్రిసాంతో ముక్కు ఎగబీల్చాడు. "నిమ్మగడ్డి వాసనేంటి? వెల్లుల్లి కూడా!"

"వాళ్ళమ్మమ్మ నాటువైద్యం బాస్. మమ్మల్ని పిలిచేలోపే పట్టించేసింది."

"ఈ ముసలాళ్ళతో ఇదే చావు! ఊపిరి ఆడుతోందా?"

"చెప్పలేం బాస్."

"పోయుంటే ఇప్పుడే చెప్పు. శవానికి బుగ్గ లేదు, చట్టంలో రాశారు."

"లేదు లేదు! ఆశ ఉంది బాస్!"

"మరి కబుర్లు చెబుతూ నిలబడ్డావేంట్రా! నా వెనకే రా!"

మంచిమనిషి, మోటారుసైకిలెక్కి, అడ్డొచ్చిన జీప్నీ బండ్లను అదిలిస్తూ దారి తీశాడు. ఎక్కడికి? విందు ఇంటికి సరిగ్గా ఎదురుదిక్కున ఉన్న ఆస్పత్రికి. ఎలిసియో మరియమ్మ తల్లికి మొక్కుకుంటూ వెంటపడ్డాడు. ఇంత నిక్కచ్చి మనిషి తనకే తగలాలా!

ఆస్పత్రి ముందు క్రిసాంతో తనే వెనక తలుపు తీసి, నర్సును కేకేసి, దుప్పటి లాగాడు. లెచోన్ పళ్ళికిలించింది. నాడి చూడబోయిన నర్సు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా వార్డు కేసు కాదండీ. వంటింట్లో చేర్చండి" అంది.

చుట్టూ చేరినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. క్రిసాంతో మొహం కందగడ్డయింది. చలానా పుస్తకం తీశాడు.

"బాస్, మీ కాళ్ళు పట్టుకుంటా! మా కపిటాన్ అన్నంత పనీ చేస్తాడు, ఉద్యోగం ఊడుతుంది."

"నోర్ముయ్! ఎక్కడికి తీసుకెళ్తున్నావ్? ఇక్కడ రాయాలి."

"చర్చి వెనక వీధిలో మారివిక్ గారింటికి. పాపకు ఇవాళ జ్ఞానస్నానం. మా కపిటానే జ్ఞానతండ్రి, ఇది ఆయన కానుక. యాభైమంది చుట్టాలు పళ్ళేలు ముందేసుకుని కూచున్నారట."

పెన్ను ఆగింది.

"పచ్చగేటు ఇల్లేనా?"

"అదే బాస్. మీకు తెలుసా?"

"మారివిక్ నా పెళ్ళాం" అన్నాడు క్రిసాంతో నీరసంగా. "ఈ చట్టం మొదటిరోజని సెలవివ్వలేదు, నా కూతురి జ్ఞానస్నానానికి చర్చికే పోలేకపోయా. ఇప్పుడు లెచోన్‌ను కూడా నేనే ఆపానని తెలిస్తే నా పని అయిపోయినట్టే." గడియారం చూసుకున్నాడు. పన్నెండుకు పావుగంట ఉంది.

"బుగ్గ వేస్తే పది నిమిషాలు. వెయ్యకపోతే గంట" అన్నాడు ఎలిసియో. "రోగి లేడుగా మరి, ఏం చేస్తాం."

క్రిసాంతో చలానా పుస్తకం మూశాడు. టోపీ తీశాడు. బూట్లు విప్పాడు. స్ట్రెచరెక్కి, పందిని కాస్త పక్కకు జరిపి, దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"రోగి ఎక్కాడు. బుగ్గ వెయ్యి."