నిద్రపోయినాడు

"ఆపినావేం? చదువు పాపా," అన్నాడు దావీదురాజు.

కర్నూలు నెట్ సెంటర్‌లో నిస్సి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆమె నర్సింగ్ ఫీజుకు ముక్కూ మొహం తెలియని విదేశీయులు ఒక వెబ్‌సైట్ ద్వారా తలా కొంచెం అప్పిచ్చారు. వాళ్ల ఉత్తరాలను తండ్రికి తెలుగులో చెబుతోంది.

"మీ నాయన కోసం చర్చిలో కొవ్వొత్తి వెలిగించినాం, అని రాసినారు."

"నాకెందుకు కొవ్వొత్తి?"

"నువ్వు చచ్చిపోయినావంట నాయనా. అప్పు కాయితాలు రాసేటప్పుడు ఆ వెబ్‌సైటోళ్ల తరపున ఈడ పని చూసే యేసుప్రసాద్ సారు ఫోన్‌లో మీ నాయనేడి అనడిగె. నువ్వు రాత్రంతా గని కాపలా కాసొచ్చి పండుకోనుంటివి. నిద్రపోయినాడని నేనంటి. సారు పాస్టరు కొడుకు కదా, చర్చిలో సావును అట్లే అంటారు, ప్రభువులో నిద్రపోయినాడని రాసుకున్నాడు."

దావీదురాజు పకపకా నవ్వాడు. "మరి దిద్దమని చెప్పలేదా?"

"తండ్రి లేని పిల్లనని అప్పిచ్చినారంట. నువ్వుండావని తెలిస్తే మిగిలిన రెండేండ్ల దుడ్లు ఆపేస్తారు."

అంతలో యేసుప్రసాదే లోపలికి వచ్చాడు. "బాగుండావా నిస్సీ? ఈయనెవరు?"

నిస్సి గబుక్కున తెర మీది ఉత్తరం మూసేసింది.

దావీదురాజు లేచి చేతులు కట్టుకున్నాడు. "దావీదురాజు అన్నను సార్. తమ్ముడు పోయినాక పిల్లను నేనే చూసుకుంటాండా."

"శానా మంచి మనిషంట కదా మీ తమ్ముడు."

"ఉన్నన్నాళ్లూ ఎవురూ అన్లేదు సార్."

బయటికొచ్చాక నిస్సి తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాయనా..."

ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశాడు.

"పెదనాయనా అను," అన్నాడు మెల్లగా. "చదువయ్యేదాకా ఇంట్లో గూడా అట్లే పిలువు. నోరు జారకూడదు."