ఆగిన ఇంజిన్‌లో చప్పుడు

నంద్యాల మెకానిక్ యోబు ఆ రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారును పదకొండేళ్లుగా బతికిస్తున్నాడు. దాని మీటరు ఇప్పటికి రెండుసార్లు తిరిగి సున్నాకొచ్చింది. ఈసారి పిస్టన్ రింగులు మార్చి, రాత్రి చల్లబడ్డాక ఆళ్లగడ్డ దాకా నడిపి చూద్దామని బయల్దేరాడు.

"నన్నూ తీస్కపో," అంది భార్య లూదియా.

"రిపేరీ బండిలో ఎందుకులే, పండుకో."

శిరివెళ్ల దాటాక వెన్నెల్లో జొన్నచేలు తేలుతున్నట్టున్నాయి. ఇంజిన్‌లో ఏదో సన్నగా కొట్టుకుంది. బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తాడు. అలవాటుగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, చప్పుడెక్కడో వినడానికి పిడి దగ్గర చెవి పెట్టాడు.

ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. చెవిలో చప్పుడు మాత్రం ఆగలేదు.

ఆ చప్పుడులో బండి హాయిగా పరుగెడుతోంది. గేరు మారింది. ఆ ఇంజిన్ ఇంత కమ్మగా ఏనాడూ పలకలేదు. యోబుకు నవ్వొచ్చింది.

అప్పుడు ఆ పిడిలోంచే లూదియా గొంతు వినబడింది.

"ఆపబ్బా! ఆడెవురో బానెట్ ఎత్తి నిలబడుకోని ఉండాడు, పాపం."

"యాడా? ఆడెవురూ లేరు, పండుకో."

ఆ రెండో గొంతు యోబుదే.

చప్పుడు అతన్ని సమీపించి, దాటి, ఆళ్లగడ్డ వైపు సన్నబడింది. ఖాళీ రోడ్డు మీద, బండి పోయిన గాలికి అతని చొక్కా రెపరెపలాడింది.