కంత దగ్గర కమిటీ

ముళ్లకంచెకి అవతల, పుట్ట పక్కన పాముల జంట రోజూ పెనవేసుకుని ఆడుతోంది. కంచెకున్న కంతలోంచి తన పిల్లలు తొంగిచూస్తున్నారని తల్లి కుందేలు అడవి పెద్దల దగ్గరికొచ్చి మొరపెట్టుకుంది.

"పిల్లలకి అందే ఎత్తులో నాలుగు ముళ్లకంపలు అడ్డం పెట్టించండి, చాలు" అంది.

"చాలదమ్మా! అసలు ఎవరూ చూడకుండా నిషేధించాలి. అడవి పరువేం కాను?" అని దున్నపోతు రంకె వేసింది.

"కాకపోతే, నిషేధించేది ఏమిటో ముందు మనకి తెలియాలి కదా" అని కొంగ గొంతు సవరించుకుంది.

వెంటనే దున్నపోతు, కొంగ, ఎలుగుబంటితో కమిటీ వేశారు.

కమిటీ తెల్లారకముందే కంత దగ్గరికి చేరేది. దున్నపోతు మేత మరిచిపోయింది. కొంగకి చెరువు గుర్తే రాలేదు. ఎలుగుబంటి కంటికి సరిగ్గా ఆనడం లేదట, కంతని ఇంకాస్త వెడల్పు చేసింది. "ఛీ ఛీ" అనుకుంటూనే చీకటిపడేదాకా చూసేవారు. "నిన్నటిది సరిగా అర్థం కాలేదు" అంటూ మర్నాడు మళ్లీ వచ్చేవారు.

కొన్నాళ్లకి కుందేలు దారిలో ఎదురైతే దున్నపోతు ఆపి, "విచారణ ఇంకా సాగుతోందమ్మా, కంగారుపడకు" అంది.

"నాకేం కంగారు లేదండీ" అంది కుందేలు. "మా పిల్లలు చూడటం ఎప్పుడో మానేశారు. తమరు పక్కకి జరిగితే కదా, వాళ్లకి చోటు దొరికేది!"